ఆ గీత చూపించిన డాక్టరుగారికి

నిన్న సాయంత్రం బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఫైబ్రోఎడినోమా. క్యాన్సర్ కాదు. చాలా రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను, లేవగానే ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు, చదివితే ఎవరికి వారికే తెలుస్తుంది.

ఎడమ రొమ్ములో గడ్డ స్నానం చేస్తుంటే నా చేతికే తగిలింది. మామోగ్రామ్‌లో ఏమీ తేలలేదు. నాది దట్టమైన కణజాలమట, అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనబడతాయట. అల్ట్రాసౌండ్‌లో 14 మిల్లీమీటర్లని కొలిచి, అనుమానంగా ఉందని రాసి కాగితం చేతిలో పెట్టారు. ఏమిటని అడిగితే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. మా వదిన పట్టుబట్టి ఇంకోచోటికి తీసుకెళ్లింది. వదినా, నీకు వేరే చెప్పాలా!

ఎంఆర్ఐ టెక్నీషియన్ అమ్మాయికి పెద్ద థాంక్స్. నెలసరి మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య రమ్మంది, మిగతా రోజుల్లో మామూలు కణజాలమూ వెలిగిపోయి తికమక పెడుతుందట. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూశాకే లోపలికి పంపింది. బోర్లా పడుకోవాలి, కదలకూడదు, చెవులు చిల్లులు పడే చప్పుడు. "ఇప్పుడు మందు వెళ్తుంది, చెయ్యి చల్లగా అనిపిస్తుంది" అని మైకులో ముందే చెప్పింది. ఆ ఒక్క మాటకి సగం బెదురు పోయింది.

ఇక రేడియాలజిస్టు మేడమ్. నన్ను స్క్రీన్ ముందు కూర్చోబెట్టారు. గడోలినియం అనే ఆ మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక వరసగా కొన్నిసార్లు తీసిన బొమ్మలవి. క్యాన్సర్ గడ్డ తనకోసం కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది, అవి కారుతూ ఉంటాయి, అందుకని మందు చప్పున చేరి చప్పున జారిపోతుంది. మందు ఎంత చేరిందో చూపే గ్రాఫులో గీత పైకి లేచి కిందికి వాలుతుంది. నా గడ్డ గీత మాత్రం నిదానంగా ఎక్కుతూనే పోయింది. అంచులు నున్నగా, లోపల సన్నటి నల్లటి చారలు.

అంతలో కుడివైపు 6 మిల్లీమీటర్ల చుక్క, దాని గీత లేచి వాలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"గీత ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదమ్మా, మామూలు లింఫ్ గ్రంథీ ఇలాగే చేస్తుంది" అంటూ ఆవిడే అల్ట్రాసౌండ్ పెట్టి చూపించారు. చిక్కుడు గింజ ఆకారం, నొక్కులో కొవ్వు. దానికి సూది అక్కర్లేదన్నారు.

ఎడమవైపు దానికి బైరాడ్స్ 3 ఇచ్చారు, అనుమానం ఎంతో చెప్పే అంకె అది. అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలాగి మళ్లీ చూడొచ్చు. ఎంఆర్ఐ క్యాన్సర్‌ని వదిలేయడం తక్కువే గాని, కాని వాటినీ అనుమానిస్తుందని దాచకుండా చెప్పారు. ఆరు నెలలు నేను ఆగలేనన్నాను. నవ్వలేదు, విసుక్కోలేదు. "మీ మనశ్శాంతి కూడా లెక్కే" అని బయాప్సీకి రాశారు. మేడమ్, ఆ మాటకి నా దండాలు.

ఆ గీత ఉన్న కాగితం అడిగి తెచ్చుకున్నాను. పొద్దున చూస్తే వదిన దాని వెనక సరుకుల లిస్టు రాసేసింది.