ఇంగ్లిష్ వ్యాకరణానికి తెలుగే మెట్టు

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యా సంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. అప్పటి నుంచి ఏ మాధ్యమం మేలన్న చర్చే ఎక్కువగా నడుస్తోంది కానీ, పిల్లలకు చిన్న ఇంగ్లిష్ వాక్యం కట్టడం ఎలా నేర్పుతున్నామన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తోంది. నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్న నేను ఆ విషయం మీదే ఈ లేఖ రాస్తున్నాను.

ఆరో తరగతికి వచ్చే పిల్లలు ఇంగ్లిష్ క్రియ మూడు రూపాలైన వీ వన్, వీ టూ, వీ త్రీలను 'గో, వెంట్, గాన్' అంటూ ఎక్కాల్లా అప్పజెబుతారు. 'డిడ్' వచ్చిన చోట క్రియ మొదటి రూపంలోనే ఉండాలన్న సూత్రాన్ని నోటు పుస్తకంలో గీత గీసి మరీ రాసుకుంటారు. నిరుడు ఒక అమ్మాయి పుస్తకంలో సరిగ్గా ఆ సూత్రం కిందే 'డిడ్ యు వెంట్ టు మార్కెట్?' అన్న వాక్యం కనిపించింది. తెలుగులో 'వెళ్లావు'కు చివర 'ఆ' చేరిస్తే 'వెళ్లావా' అని ప్రశ్న అయిపోతుంది, జరిగిపోయిన కాలం మాత్రం క్రియలోనే నిలిచి ఉంటుంది. ఆ అలవాటుతోనే ఆ పిల్ల 'వెంట్'ను కదపకుండా ముందు 'డిడ్' పెట్టింది.

సూత్రం మళ్లీ చెప్పకుండా బోర్డు మీద 'వెళ్లాను, వెళ్లలేదు', 'తిన్నాను, తినలేదు', 'చూశాను, చూడలేదు' అని జంటలుగా రాసి, ఏం మారిందో చెప్పమన్నాను. కాసేపటికి ఆ అమ్మాయే లేచి, "'లేదు' వచ్చినంక ముందటి మాటలకెల్లి కాలం పోయింది టీచర్" అంది. నిజమే. 'తిన్నాను'లో ఎవరు తిన్నారో, ఎప్పుడు తిన్నారో క్రియే చెబుతుంది. 'తినలేదు'లో కాలం భారమంతా 'లేదు' మీద పడుతుంది, నేనైనా వాడైనా వాళ్లైనా ఆ మాట మారదు. 'ఐ డిడ్ నాట్ ఈట్'లో 'డిడ్ నాట్' చేసే పని కూడా ఇదే. ఇది తెలిశాక 'డిడ్ యు గో?' అన్న ప్రశ్నకు వెళ్లడం కష్టం కాలేదు. ఆ రోజు నుంచి పీరియడ్ మొదట్లో పది నిమిషాలు, ఒకరు పక్కవారిని ఇంగ్లిష్‌లో అడగడం, వారు జవాబు చెప్పి తర్వాతివారిని అడగడం సాధన చేయించాను. గదిలో ప్రతి పిల్లా రోజుకు ఒక ప్రశ్న, ఒక జవాబు నోటితో పలికేది. నెల తిరిగేసరికి తప్పు పలికిన వారిని పిల్లలే సరిదిద్దసాగారు.

పరిభాషలోనూ ఒక చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో 'ఫస్ట్ పర్సన్' అన్నది తెలుగు వ్యాకరణంలో ఉత్తమ పురుష, 'థర్డ్ పర్సన్' అన్నది ప్రథమ పురుష. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే పిల్లలు 'ఫస్ట్' అంటే ప్రథమ అనుకుని, 'హి గోస్'లోని 'స్'ను 'ఐ'కి తగిలిస్తారు. తెలుగు, ఇంగ్లిష్ ఉపాధ్యాయులు ఏడాది మొదట్లో ఒక్క పూట కలిసి కూర్చుంటే తీరిపోయే చిక్కు ఇది.

గణితానికి, సామాన్య శాస్త్రానికి ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే పుస్తకాలు ఇస్తున్నాం. ఇంగ్లిష్ పీరియడ్‌లో మాత్రం తెలుగు మాట వినపడితే తప్పన్నట్టు చూస్తున్నాం. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా బోర్డు మీద తెలుగు క్రియలు చూసి చెరిపేయమన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. పరీక్షల తీరు కూడా ఇందుకు తోడైంది. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చే బిట్లకు మార్కులు తెచ్చుకునే పిల్లవాడు, 'బస్సు ఎప్పుడు వచ్చింది?' అని ఇంగ్లిష్‌లో అడగలేక తలదించుకుంటున్నాడు.

ఆరో తరగతిలో మొదటి రెండు నెలలు ప్రశ్న, జవాబు, కాదనడం అనే మూడింటికే కేటాయించాలనీ, ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో కొన్ని మార్కులు నోటితో పలికిన వాక్యాలకు ఇవ్వాలనీ, ఉపాధ్యాయుల శిక్షణలో రెండు భాషల వాక్య నిర్మాణాన్ని పక్కపక్కన పెట్టి చూపే పాఠం ఒకటి చేర్చాలనీ మీ పత్రిక ద్వారా విద్యాశాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయిని,
నల్లగొండ జిల్లా