తలపాగా తీసిన అక్షరం

పర్లాకిమిడి,
జూలై 14.

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఇన్నేళ్లూ పై తరగతులకు వ్యాకరణం చెప్పిన నీకు ఈసారి ఒకటో తరగతి అప్పగించారని, పిల్లలు పలక ముట్టుకోవడానికే మొరాయిస్తున్నారని, నోటుపుస్తకాల్లో రాత ఎందుకు లేదని తల్లిదండ్రులు నిలదీస్తున్నారని రాశావు. చదువుతుంటే ఈ ఊళ్లో నా మొదటి రెండేళ్లు కళ్లముందు కదిలాయి.

అప్పట్లో నేను 'అ' మొదలుకొని 'ఱ' వరకు వరుస తప్పకుండా దిద్దించాను. ఒక పాప రాత ముత్యాల్లా ఉండేది, తరగతికంతటికీ ఆమె పలకనే ఎత్తి చూపించేదాన్ని. ఏడాది చివర నల్లబల్ల మీద 'పలక' అని రాసి చదవమన్నాను. 'ప', 'ల', 'క' అని విడివిడిగా తడుముకోకుండా చెప్పింది గాని, ఆ మూడూ కలిస్తే తన ఒళ్లో ఉన్న వస్తువు పేరే అవుతుందని పోల్చుకోలేకపోయింది. ఏడాదంతా ఆ బిడ్డ చేత బొమ్మలు గీయించానే తప్ప చదివించలేదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు నేను మొదట చెవితో మొదలుపెడుతున్నాను. బడి తెరిచిన మొదటి నెలంతా బలపం బయటికి తీయను. పేరు పలుకుతూ అక్షరానికొక చప్పట్లు కొట్టడం, ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు వెతకడం, మాటలో మొదటి అక్షరం మింగేసి మిగిలింది పలకడం, ఇవే మా పాఠాలు. 'పలక'లో 'ప' మింగేస్తే 'లక' మిగులుతుందని చెప్పగలిగిన పిల్లవాడికి మాట ముక్కలవుతుందనీ, ఆ ముక్కలు మళ్లీ అతుక్కుంటాయనీ తెలిసినట్టే. ఆ తరువాత ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు ఉంటుందని చూపిస్తే వాడికి అది వింతగా తోచదు.

అక్షరాలు చూపించేటప్పుడు కూడా వర్ణమాల వరుసను పట్టుకోలేదు. మన వర్ణమాలలో 56 అక్షరాలని లెక్క. వాటికి గుణింతాలు, వత్తులు తోడైతే ఆరేళ్ల బిడ్డ ముందు కొండ నిలబెట్టినట్టే. పైగా 'అ' మలుపులు లేత వేళ్లకు తేలిక కాదు. అందుకని ప, ల, క, త, వ ముందు తీసుకున్నాను. ఈ అయిదింటితోనే పలక, తల, వల, కల అన్నీ వచ్చేస్తాయి కనుక, మొదటి వారంలోనే పిల్లలు అర్థమున్న మాట చదివిన సంతోషం పొందుతారు. మహేంద్రతనయ నది ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకను చేటలో పోసి, వేలితో రాయిస్తాను. తప్పు పోతే చేటను ఒకసారి కుదిపితే చాలు, కొట్టివేత గుర్తు మిగలదు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడిమించి నేర్పిన మాంటిస్సోరి అమ్మగారి ఆలోచన కూడా ఇలాంటిదే. మధ్యమధ్య చింతగింజలు పేర్చిస్తాను, మినుముల్లో రాళ్లు ఏరిస్తాను. వేళ్లకు పట్టు వస్తేనే బలపం నిలుస్తుంది.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది గుణింతాల ఆట. మన పెద్దలు ఆ గుర్తులకు పెట్టిన పేర్లు చూడు: తలకట్టు, గుడి, కొమ్ము. ఆట ఆ పేర్లలోనే సిద్ధంగా ఉంది, మనమే దాన్ని పదేసిసార్లు రాయించి చంపేశాం. మా తరగతిలో ఒక పిల్లవాడు మెడలో 'గ' అట్ట వేసుకుని, తలకు కాగితపు తలపాగా చుట్టుకుని నిలబడతాడు. ఆ తలపాగాయే తలకట్టు. మరొకరు వచ్చి వాడి తలమీద రెండు చేతులూ గోపురంలా జోడిస్తే, తలపాగా తీసేసి అందరూ 'గి' అని అరవాలి. పక్కకు చెయ్యి బారుగా చాస్తే దీర్ఘం, 'గా'. అప్పుడూ తలపాగా ఉండదు. మూడో రోజున కొమ్ము వంతు వచ్చింది. ఒక అమ్మాయి మోచెయ్యి వంచి పక్కన నిలబడగానే 'గ' వేషం వేసిన పిల్లవాడు అలవాటుగా తలపాగా తీయబోయాడు. వెనుక వరుసలోంచి ఒక పాప గోడమీది పటంలో 'గు' వైపు వేలు చూపిస్తూ, "టీచర్, కొమ్మొస్తే తలపాగా తియ్యక్కర్లేదు!" అని కేక పెట్టింది. అంత సూక్ష్మమైన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నిజానికి అంతవరకు నేనూ దాన్ని ఆ విధంగా గమనించలేదు. ఆ మధ్యాహ్నమంతా వాళ్లు పటం ముందు గుమిగూడి జ, ట, బ, ల వంటి తలపాగా లేని అక్షరాలను వెతుకుతూనే ఉన్నారు.

మా ఊరి పిల్లలది మరో ప్రత్యేకత. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొందరి అమ్మమ్మల ఇళ్లలో సవర అనే గిరిజన భాష. 'పా'తో మొదలయ్యే మాటలు అడిగితే ఒకరు పాలు, ఒకరు పాము అన్నారు, మూడో పిల్లవాడు 'పాణి' అన్నాడు. ఒడియాలో నీళ్లు. శబ్దం సరిపోయింది కనుక ఆ మాటనూ పాలపక్కనే రాశాను. అదే పిల్లవాడు ఒకరోజు 'గంప'ను 'గఠప' అని చదివాడు. పిల్లలు నవ్వారు గాని, నేను నవ్వనివ్వలేదు. ఒడియాలో 'ఠ' అక్షరం అచ్చంగా మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది. అన్న పుస్తకంలో దాన్ని చూసి గుర్తుపెట్టుకున్న బిడ్డ కంటిని తప్పుపట్టకూడదు కదా! మరునాడు నేలమీద పెద్ద వలయం గీసి, తెలుగు జట్టు దాన్ని సున్నా అని, ఒడియా జట్టు ఠ అని పలకాలని ఆట పెట్టాను. వారం తిరిగేసరికి ఆ పొరపాటు మళ్లీ వినబడలేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన ఇక్కడి నుంచి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ దండలు వేస్తాం గాని, బిడ్డ నోటిమాటతో చదువు మొదలుపెట్టాలన్న ఆయన పట్టుదలను తరగతి గదిలోకి తీసుకురావడం మరిచిపోతాం. ఈ విషయంలో నాకు కోపమే.

ఇక తల్లిదండ్రుల సంగతి. వాళ్లతో వాదించకు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతోనే పునాది వేయమంటోందని, 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి బిడ్డ అర్థం చేసుకుంటూ చదవాలని కోరుతోందని నీ ప్రధానోపాధ్యాయులకు చెప్పు, ఆయనకు ఆ మాట పనికొస్తుంది. తల్లులను మాత్రం ఒక శనివారం తరగతికి పిలిచి వెనుక కూర్చోబెట్టు. కిందటేడు ఇలా వచ్చిన ఒక తల్లి, తన కొడుకు కాగితం మీద 'అమ రపు రా' అని రాసి చేతిలో పెడితే, చదివి కళ్లు తుడుచుకుంది. 'అమ్మ, రేపు రా' అని వాడి ఉద్దేశం. వత్తు, ఏత్వం ఇంకా నేర్వలేదు, కాని చెప్పదలచిన మాట రాతలో పెట్టవచ్చునని వాడికి తెలిసిపోయింది. అటువంటి కాగితం మీద ఎర్రసిరా పెట్టకు. దాని కిందనే సరైన వాక్యం నీ చేత్తో రాసి, వాడికి చదివి వినిపించు.

వచ్చే నెల పాతపట్నంలో మా పిన్ని ఇంటికి నువ్వు వస్తానన్నావు కనుక, మా గుణింతాల అట్టలు ఒక జత నీకోసం అక్కడికి తెస్తాను. తలపాగాలు మాత్రం నువ్వే చేయించుకో, పిల్లలు తమ చేత్తో మడిచినవాటినే జాగ్రత్తగా దాచుకుంటారు. వార్తాపత్రికవి ఈ వానల్లో రెండు రోజులు కూడా నిలవవు, పాత క్యాలెండరు కాగితం వాడు.

ప్రేమతో,
నీ స్నేహితురాలు