విషయం: ఇంటి బీమా కొటేషన్ గురించి నాలుగుసార్లు అడిగినా జవాబు రాలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. 11 ఏళ్లుగా నా కారు బీమా మీ దగ్గరే ఉంది. ఒక్క రెన్యువల్ కూడా ఆలస్యం చేయలేదు. అందుకే ఇంటికి పాలసీ తీసుకుందామనుకోగానే ముందు మీ కొటేషనే అడిగాను. తర్వాత మరో రెండు కంపెనీలవి తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రీమియమే తక్కువ. ఎందుకు తక్కువో మాత్రం కాగితంలో లేదు. బీమా మొత్తాన్ని ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చును బట్టి లెక్కేశారా, ఇంట్లో సామాన్లకు కవర్ ఉందా? నేను అడిగింది ఇంతే.

మొదట మాట్లాడిన అమ్మాయి "మెయిల్‌లో అన్నీ ఉన్నాయి సార్" అంది. లేవు. చదివి వినిపిస్తానంటే లైన్ ఇంకెవరికో కలిపింది. అక్కడ 20 నిమిషాలు ట్యూన్ విన్నాక ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఇంకొకతను పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ మొదటి నుంచి చెప్పించుకుని, మోటార్ విభాగాన్ని అడగమన్నాడు. ఇంటి బీమాకు మోటార్ విభాగం ఎందుకంటే "సిస్టమ్‌లో మీరు అక్కడే కనిపిస్తున్నారు" అన్నాడు. మూడోసారి మీవాళ్లే ఫోన్ చేశారు, "ఈరోజే కట్టేయండి, రేపు రేటు మారుతుంది" అని తొందరపెట్టడానికి. క్లెయిమ్‌లో నేను భరించాల్సిన డిడక్టబుల్ ఎంతని అడిగితే, పాలసీ పేపర్లు వచ్చాక తెలుస్తుందన్నారు. డబ్బు కట్టాక తెలిసి నేనేం చేసుకోను? చివరికి మెయిల్ పెట్టాను. మర్నాడు "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. నాతో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ మెసేజ్ చూసినప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

ఇల్లు కట్టే ఖర్చులో 60 శాతానికే బీమా ఉంటే, వంటగది ఒక్కటే కాలినా ఆ నష్టంలో 60 శాతమే ఇచ్చే పాలసీలున్నాయి. మిగతాది నేను అప్పు చేయాలి. మీ తక్కువ ప్రీమియం వెనక ఇదే ఉంటే నాకు ఇప్పుడే తెలియాలి. మిగతా రెండు కంపెనీలూ ఈ వివరాలు రాసి పంపాయి. నేనెవరో తెలియని వాళ్లు చెప్పారు, 11 ఏళ్లుగా నా డబ్బు తీసుకుంటున్న మీరు చెప్పలేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

కారు రెన్యువల్ వచ్చే నెలలో ఉంది. ఈసారి మీ దగ్గర చేయాలనిపించడం లేదు. విషయం తెలిసినవాళ్లు ఎవరైనా ఫోన్ చేసి, చెప్పినదంతా రాసి కూడా పంపాలి. కాల్స్ తేదీలు, టైములు అన్నీ నా దగ్గర ఉన్నాయి. వారంలోగా జవాబు రాకపోతే వాటిని బీమా నియంత్రణ సంస్థకు పంపుతాను. "పరిష్కారమైంది" అని మాత్రం మళ్లీ మెసేజ్ పెట్టకండి.

ఇట్లు,
మీ పాత పాలసీదారు