ఎఫెసీ పత్రికను 21వ వచనం నుంచి చదవండి

సంపాదకులకు,

నేను క్రైస్తవురాలిని. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. ఈ ఎండాకాలంలో నేను వెళ్లిన నాలుగు పెళ్లిళ్లలోనూ పాస్టర్ గార్లు ఎఫెసీ పత్రిక (బైబిలు కొత్త నిబంధనలో అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరం) 5వ అధ్యాయమే చదివారు. నాలుగు చోట్లా 22వ వచనంతోనే మొదలుపెట్టారు: "స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి." దాని పై వచనం ఒక్కరూ చదవలేదు. "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంటుంది అక్కడ. అత్యంత ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కొన్నింటిలో 22వ వచనంలో 'లోబడు' అనే క్రియే లేదు, పై వాక్యం నుంచే తెచ్చుకుని చదువుకోవాలి. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు 1551లో వేసినవి. పౌలు రాసింది తెగని ఉత్తరం.

ఆ తర్వాత భర్తలకు చెప్పిన మాటలు భార్యలకు చెప్పినవాటికంటే ఎక్కువ. సంఘం కోసం క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమన్నాడు. పెళ్లికొడుకు వైపు తిరిగి దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడిన ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

ఇదంతా పెళ్లిరోజుతో అయిపోయేదైతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మా బంధువుల అమ్మాయి భర్త కొడితే పుట్టింటికి వచ్చింది. చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు. సంఘ పెద్దలు వచ్చి, పాత నిబంధనలోని మలాకీ గ్రంథం తీసి, "భార్యను పరిత్యజించుట నాకు అసహ్యమైన క్రియ" అన్న మాట చదివి, ప్రార్థన చేసి, ఆ సాయంత్రమే అమ్మాయిని వెనక్కి పంపించేశారు. నిజానికి ఆ మాట పెళ్లాన్ని వదిలేసే మగవాడికి చెప్పింది. అదే వచనం రెండో సగంలో బలాత్కారం కూడా తనకు అసహ్యమని దేవుడు అంటాడు. అంతదాకా చదవకుండానే పుస్తకం మూసేశారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, నా చేతిలోనూ బైబిలు ఉంది. అయినా నోరు తెరవలేకపోయాను. ఆ రాత్రి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

వాక్యాన్ని మార్చకూడదంటారు. నేనూ మార్చమనడం లేదు, సగానికి కోయొద్దంటున్నాను. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో దాసులు యజమానులకు విధేయులై ఉండాలని కూడా ఉంది. అది చూపించి ఈ రోజు ఏ పాస్టరూ కూలివాణ్ని బానిసగా ఉండమనడు. ఆ కాలపు పరిస్థితిని బట్టి అర్థం చేసుకుంటాం. స్త్రీల విషయంలో అదే పద్ధతి ఎందుకు పాటించం? రోమా పత్రిక చివర పౌలే ఫీబే అనే స్త్రీని సంఘ పరిచారకురాలని పరిచయం చేశాడు. 2013లో దక్షిణ ఇండియా సంఘం నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారిని తన తొలి మహిళా బిషప్‌గా నియమించింది.

మన క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం కింద భార్య వ్యభిచరించిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వం లాంటిది కూడా నిరూపిస్తే గానీ వచ్చేవి కావు. పార్లమెంటు 2001లో ఆ తేడా తీసేసింది. మన సంఘాల కౌన్సెలింగ్‌లో అది ఇంకా అలాగే ఉంది.

పెళ్లిలో 21 నుంచి 33వ వచనం దాకా పూర్తిగా చదవండి. పెళ్లికి ముందు కౌన్సెలింగ్‌కు అబ్బాయిని తప్పనిసరిగా పిలవండి. దెబ్బలు తిని వచ్చిన అమ్మాయి ఇంటికి పెద్దలు వెళ్లేటప్పుడు సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి, ముందు ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెళ్లి ప్రకటనలు అంటించే బోర్డు మీదే మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు కూడా పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్, గుంటూరు