లినక్స్‌లో గేమ్స్ ఆడలేమని రాసేముందు ఒకసారి కొలిచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక పాత కంప్యూటర్లు ఏం చేసుకోవాలి అని మీ టెక్ పేజీలో వేసిన వ్యాసం చదివాను, చాలావరకు బాగుంది, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చని చెప్పడం ఇంకా బాగుంది, కానీ చివర్లో గేమ్స్ ఆడేవాళ్ళకి మాత్రం అది పనికిరాదని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ నాకు బాధేసింది. పదేళ్ళ కిందట అయితే ఒప్పుకునేవాణ్ణే. ఇప్పుడు ఆ మాట తప్పు.

గుంటూరులో అసెంబుల్డ్ సిస్టమ్స్ బిగించి సర్వీస్ చేసే పని నాది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సపోర్ట్ అయిపోయిన దగ్గర్నుంచి షాపుకొచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే, మా వాడి సిస్టమ్ విండోస్ 11 తీసుకోవట్లేదంటండీ, కొత్తది కొనాల్సిందేనా అని. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాత ప్రాసెసర్ అయితే దాదాపు అన్నిటికీ మైక్రోసాఫ్ట్ కుదరదనే చెప్తుంది. నాలుగో జనరేషన్ ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, ఇలాంటివి మన ఊళ్ళల్లో బోలెడన్ని ఇళ్ళల్లో ఉన్నాయి, పిల్లలు ఆడే చాలా గేమ్స్‌కి ఇప్పటికీ సరిపోతాయి కూడా. అలాంటి ఇంట్లో పేపర్లో వచ్చింది కదా అని అప్పు చేసి కొత్త సిస్టమ్ కొన్నారనుకోండి, ఆ డబ్బులు అనవసరంగా పోయినట్టే కదా.

అసలు సంగతి ఏంటంటే 2018 ఆగస్టులో, గేమ్స్ అమ్మే స్టీమ్ నడిపే వాల్వ్ వాళ్ళు విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అని ఒకటి వదిలారు. విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపించడానికి 1993 నుంచి నడుస్తున్న వైన్ ప్రాజెక్టే దానికి పునాది. బొమ్మ గీయమని గేమ్ విండోస్ భాష అయిన డైరెక్ట్ఎక్స్‌లో అడిగేదాన్ని డీఎక్స్‌వీకే అనేది అప్పటికప్పుడు లినక్స్‌లో పనిచేసే వల్కన్‌లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి ఇస్తుంది, డైరెక్ట్ఎక్స్ 12 అయితే ఆ పని వీకేడీత్రీడీ చేస్తుంది. 2022లో వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ దీని మీదే నడుస్తాయి, అందులో ఉండేది లినక్సే. ఆడేవాడు చేయాల్సింది స్టీమ్ సెట్టింగ్స్‌లో ప్రోటాన్ ఆన్ అయి లేకపోతే ఆన్ చేసి ఇన్‌స్టాల్ నొక్కడం, అంతే. ఏ గేమ్ ఎలా నడుస్తుందో ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఆడినవాళ్ళే రాసి పెడతారు, కొనేముందు అది చూసుకుంటే చాలు.

నడవనివి లేవా అంటే ఉన్నాయి, దాచను. వాలరెంట్ రాదు, ఎందుకంటే మోసం చేసి ఆడేవాళ్ళని పట్టుకునే దాని యాంటీచీట్ విండోస్ కెర్నెల్, అంటే విండోస్ గుండెకాయ, లోపల కూర్చుంటుంది. ఫోర్ట్‌నైట్ రాదు. ఎపెక్స్ లెజెండ్స్ బాగా నడిచేది, 2024 చివర్లో కంపెనీ వాళ్ళే లినక్స్‌ని ఆపేశారు. మీ వాడు రోజంతా వాలరెంటే ఆడతాడంటే లినక్స్ వద్దండీ అని నేనే చెప్తాను. కానీ కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లాంటివి నేరుగా లినక్స్‌కే ఉన్నాయి, ఒక్కళ్ళు ఆడుకునే కథ గేమ్స్‌లో ఎక్కువ భాగం ప్రోటాన్‌తో నడిచిపోతాయి. మీరు రాయాల్సింది ఈ తేడా.

ఇంకో సంగతి మా షాపుల్లో చాలామందికి తెలియదు. జీటీ 710, జీటీ 730 కార్డులు మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో విపరీతంగా అమ్మారు, వాటికి వల్కన్ 1.3 లేదు, డీఎక్స్‌వీకే రెండో వెర్షన్ నుంచి అది తప్పనిసరి. అవి ఉన్నవాళ్ళు లినక్స్ వేసి కొత్త ప్రోటాన్ పెడితే గేమ్ ఓపెనే కాదు, వెంటనే లినక్స్ వేస్ట్ అనేస్తారు, తప్పు కార్డుది. అదే పాత ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 580 ఉందనుకోండి, డ్రైవర్ లినక్స్‌తోనే వచ్చేస్తుంది, విడిగా వేసే పనే లేదు.

ఇక కొలతల విషయం, నేను ఈ ఉత్తరం రాయడానికి పెద్ద కారణం ఇదే. మీ పేజీలో ల్యాప్‌టాప్ రివ్యూలన్నిట్లో ఈ గేమ్‌లో 60 ఎఫ్‌పీఎస్ (సెకన్‌కి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు) వచ్చింది అని ఒక సగటు వేసి వదిలేస్తారు. ఒక సెకన్ తీసుకోండి, 59 ఫ్రేములు ఒక్కోటి 15 మిల్లీసెకన్లలో వచ్చాయి, మిగిలిన ఒక్క ఫ్రేమ్‌కి 115 మిల్లీసెకన్లు పట్టింది, మొత్తం సరిగ్గా సెకన్, సగటు 60. పేపర్లో 60 అనే పడుతుంది కానీ ఆడేవాడికి ఆ ఒక్క ఫ్రేమ్ దగ్గర బొమ్మ టక్కున ఆగినట్టు ఉంటుంది, శత్రువు ఎదురుగా ఉంటే అక్కడే చస్తాడు. అందుకే సగటు పక్కన 1 శాతం లో (1% low) అనే అంకె కూడా వేయాలి, అంటే బాగా ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఎంతలో ఉన్నాయి అని.

లినక్స్‌లో ఇది కొలవడం ఏమంత కష్టం కాదు, మ్యాంగోహడ్ అని ఉచితంగా దొరుకుతుంది. గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో దాని పేరు ముందు పెడితే స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్, ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత టైమ్ పట్టిందో చూపే ఫ్రేమ్ టైమ్ గీత కనిపిస్తాయి, సెట్ చేసుకుంటే టెంపరేచర్ కూడా, ఫోల్డర్ ఒకటి ముందే సెట్ చేసుకుని ఎడమ షిఫ్ట్‌తో ఎఫ్2 నొక్కితే మొత్తం ఫైల్‌లోకి రికార్డ్ అవుద్ది. ఆ గీత సన్నగా సాఫీగా పోతుంటే గేమ్ హాయిగా ఉన్నట్టు, మధ్యమధ్యలో ముల్లులా పైకి లేస్తే ఎక్కడో పట్టేస్తున్నట్టు. మొదటిసారి ఆడినప్పుడు ముళ్ళు ఎక్కువే ఉంటాయి, షేడర్లు, అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు, అప్పుడే తయారవుతుంటాయి కాబట్టి, అందుకని మొదటి రన్ లెక్కలోకి తీసుకోకూడదు, రెండోసారి నుంచి కొలవాలి. చాలామంది రివ్యూయర్లు ఆ మొదటి రన్ చూసే లినక్స్‌ని కొట్టిపారేస్తారు.

ల్యాప్‌టాప్ అయితే ఇంకో తిప్పలు ఉంది, రెండు గ్రాఫిక్స్ ఉంటాయి కదా, కొన్నిసార్లు గేమ్ పొరపాటున ఇంటెల్ దాని మీద నడుస్తూ ఉంటుంది, ఎన్విడియా కార్డు ఖాళీగా కూర్చుంటుంది. మ్యాంగోహడ్‌లో కార్డు పేరు కూడా పెట్టుకుంటే ముందే తెలిసిపోద్ది. ఎఫ్‌పీఎస్‌ని స్క్రీన్ వేగానికి కట్టేసే వీసింక్ ఆపారా, ఛార్జర్ పెట్టే ఉందా, రెండు ఓఎస్‌లలోనూ ఒకే సెట్టింగ్స్ ఉన్నాయా, ఇవి చూడకుండా పోలిస్తే ఆ అంకెలకి విలువ లేదు. విండోస్ కోసం డి డ్రైవ్‌లో పెట్టుకున్న గేమ్‌నే లినక్స్ నుంచి నడిపి ఎర్రర్లొస్తున్నాయని తిట్టేవాళ్ళూ ఉన్నారు, విండోస్ డ్రైవ్‌లకి వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ మీద ప్రోటాన్‌కి ఇబ్బందులొస్తాయి, లినక్స్ డ్రైవ్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. గది వేడి కూడా రాయాలండీ. మే నెలలో గుంటూరులో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ పావుగంట ఆడేసరికి స్పీడ్ తగ్గించేసుకుంటుంది, అది ఏ ఓఎస్ అయినా అంతే, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి కొలిచి పోలిస్తే ఏం లాభం.

లినక్సే అన్నిట్లో గెలుస్తుందని నేననట్లేదు. ఎన్విడియా కార్డుల మీద డైరెక్ట్ఎక్స్ 12 గేమ్స్ చాలావాటికి విండోస్‌లోనే ఎఫ్‌పీఎస్ ఎక్కువ వస్తుంది, ఏఎండీ కార్డుల మీద కొన్ని గేమ్స్ లినక్స్‌లో సమానంగానో, ఒక్కోసారి ఇంకా బాగానో పోతాయి. ఏది ఎంతో మీ వాళ్ళు కొలిచి వేస్తే మా షాపుకొచ్చే వాళ్ళకి ఆ పేపర్ కటింగే చూపిస్తాను.

నా కోరిక ఒకటే. వచ్చే నెల టెక్ పేజీలో ఒక పాత సిస్టమ్ తీసుకుని, ఒకే ఎస్ఎస్‌డీ మోడల్ రెండు పెట్టి, ఒకదాంట్లో విండోస్ 10, ఇంకోదాంట్లో లినక్స్ వేసి, లోపలే స్పీడ్ కొలిచే బెంచ్‌మార్క్ ఉన్న సైబర్‌పంక్ 2077 లాంటి గేమ్ ఒకటి, పాత గేమ్ ఒకటి, కౌంటర్ స్ట్రైక్ 2 ఒకటి నడిపి, సగటు, 1 శాతం లో రెండూ వేయండి, ఏ డ్రైవర్, ఏ ప్రోటాన్ వెర్షనో కింద రాయండి. సిస్టమ్ దొరక్కపోతే నా షాపులో నాలుగో జనరేషన్‌ది ఒకటి రెడీగా ఉంది, మీ రిపోర్టర్ ఎప్పుడొచ్చినా ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు