తేదీ మిగిలే ఉంది, కానీ సీసా పాడైంది

సంపాదకులకు నమస్కారం.

మచిలీపట్నంలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. మొన్న ఉగాది కార్యక్రమానికి పద్నాలుగు మందికి మేకప్ వేశాం. అందరికీ ఒకటే ఐలైనర్ సీసా, ఒకటే కుంచె. గట్టిపడిందని నేనే అందులో రెండు చుక్కల నీళ్లు కలిపాను. మూడో రోజుకల్లా నలుగురికి కళ్లు ఎర్రబడి పుసులు కట్టాయి. ఒక తల్లి ఫోన్ చేసి, కోపపడకుండానే, "ఆ సీసా ఎప్పటిది టీచర్‌గారూ?" అని అడిగింది.

అట్టపెట్టె తీసి చూశాను. దాని మీద గడువు ఇంకా ఏడాది ఉంది. కానీ సీసా మూత తీసింది కిందటేడు సంక్రాంతికి!

ఆ గడువు మూత తీయని సరుకుకేనని అప్పటిదాకా నాకు తెలియదు. కంటి డాక్టరుగారు విడమరచి చెప్పారు. కుంచె కంటిని తాకి మళ్లీ సీసాలోకి వెళ్లిన ప్రతిసారీ సూక్ష్మజీవులు కూడా వెళ్తాయట. వాటిని ఆపడానికి కలిపిన మందు నీళ్లు పోస్తే పలచబడిపోతుందట. మస్కారా అయితే తెరిచిన మూడు నెలలకే పారేయమన్నారు. ముఖానికి పూసే మా పాన్‌కేక్ మేకప్ బిళ్ల సంగతీ అంతే. తడి స్పాంజితో రుద్ది, ఆరకుండానే మూత పెట్టేస్తాం. పైగా మేకప్ పెట్టె ఏడాదంతా రేకుల షెడ్డులోనే ఉంటుంది. మా ఊరి ఎండ, సముద్రపు ఉక్క సంగతి చెప్పేదేముంది?

కొన్ని డబ్బాల మీద మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. ఇన్నేళ్లలో ఏ దుకాణదారూ నాకది చెప్పలేదు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం గడువు ముద్రించడం తప్పనిసరే. కానీ నేను కొన్న ఫ్యాన్సీ షాపులో సరిగ్గా ఆ తేదీ మీదే ధర స్టిక్కరు అంటించారు. గోటితో గీకి చదవాల్సి వచ్చింది.

ఔషధ నియంత్రణ అధికారులు మందుల షాపులతో పాటు ఫ్యాన్సీ షాపుల్లోనూ తనిఖీలు చేయాలి. తెరిచాక ఎన్నాళ్లు వాడవచ్చో కంపెనీలు తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా అచ్చువేయాలి. తోటి నాట్య గురువులకు, బ్యూటీ పార్లర్లు నడిపే అక్కచెల్లెళ్లకు నా విన్నపం: కాటుక, ఐలైనర్ ఎవరివి వారినే తెచ్చుకోమనండి. మా పిల్లలిప్పుడు మూత తీసిన రోజే దాని మీద మార్కరుతో తేదీ రాస్తున్నారు.

– ఒక నాట్య శిక్షకురాలు, మచిలీపట్నం