గడువు మార్చింది ఎవరు? - ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

శాఖల పనుల పురోగతిని నమోదు చేసే ప్రాజెక్ట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను ఏఐ సహాయకుడితో కలపాలన్న ప్రతిపాదన మీ బల్ల మీదకు వచ్చే ఉంటుంది. రాకపోతే త్వరలోనే వస్తుంది. తెచ్చినవారు ముందుగా ఒక ప్రదర్శన చూపిస్తారు. "ఈ నెలలో గడువు దాటిన పనులు ఏవి?" అని తెర మీద టైపు చేస్తారు, క్షణాల్లో పట్టిక వస్తుంది. "బాధ్యులందరికీ గుర్తు చేయి" అంటారు, అదీ జరిగిపోతుంది. నేను ఇలాంటి అనుసంధానాలు చేసే ఇంజినీరును. ఆ ప్రదర్శనలో మోసమేమీ ఉండదని నేనే హామీ ఇవ్వగలను. అది నిజంగానే అంత చక్కగా పనిచేస్తుంది. నా అభ్యంతరం పనితీరు మీద కాదు. ఆ సహాయకుడు ఒక పని గడువును మార్చినప్పుడు, మార్పుల చరిత్రలో ఎవరి పేరు పడుతుందన్నది ఎవరూ అడగడం లేదు. సంతకం పెట్టే ముందు మీరు అడగండి.

లోపల జరిగేది కొంచెం చెప్పాలి. ఏఐ మోడల్‌కు మీ సాఫ్ట్‌వేర్ సంగతి ఏమీ తెలియదు. మధ్యలో ఒక సర్వర్ ఉండి, తన దగ్గర ఏయే టూల్స్ ఉన్నాయో దానికి జాబితా ఇస్తుంది: పనులను వెతకడం, ఒక పని వివరాలు తేవడం, వ్యాఖ్య రాయడం, స్థితి మార్చడం, గడువు మార్చడం, పనిని తొలగించడం. ప్రతి టూల్‌కూ ఒక పేరు, అది ఏం చేస్తుందో చెప్పే చిన్న వివరణ, ఏ వివరాలు ఇస్తే నడుస్తుందో తెలిపే నమూనా ఉంటాయి. మోడల్ ఆ వివరణలు చదువుకుని, ఉద్యోగి అడిగినదానికి సరిపోయే టూల్‌ను ఎంచుకుంటుంది, ఖాళీలు నింపి సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ తన దగ్గరున్న టోకెన్ (ఒక ఖాతా హక్కులతో పనిచేయనిచ్చే డిజిటల్ తాళంచెవి) చూపించి ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌తో ఆ పని చేయిస్తుంది. ఈ సంభాషణకు ఒక ఉమ్మడి పద్ధతి ఉంది, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. అందరూ ఎంసీపీ అంటారు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ దీన్ని ప్రకటించింది. 2025లో ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా స్వీకరించాయి. అదే ఏడాది డిసెంబరులో దీని నిర్వహణ లాభాపేక్ష లేని లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. కనుక ఒకే కంపెనీకి కట్టుబడిపోతామన్న భయంతో ఎవరైనా ఫైలు వెనక్కి పంపమంటే, ఆ ఒక్క కారణానికి పంపనక్కరలేదు.

చూడాల్సినదల్లా ఆ టోకెన్. అది ఎవరిది?

తేలికైన దారి ఒకటుంది, గుత్తేదార్లు ఎక్కువగా మొగ్గేది దానికే. ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో "ఇంటిగ్రేషన్" పేరుతో ఒక ఖాతా తెరుస్తారు. అన్ని ప్రాజెక్టులూ కనిపించాలి కాబట్టి దానికి నిర్వాహకుడి హక్కులు ఇస్తారు. ఆ ఖాతా టోకెన్‌ను సర్వర్‌లో ఒకచోట పెడతారు. ఇక ఎవరు ఏం అడిగినా ఆ ఒక్క టోకెన్‌తోనే పని జరుగుతుంది. ఒక్క పూటలో అనుసంధానం పూర్తి, బిల్లు కూడా పూర్తి. తన విభాగం తప్ప మరేదీ చూడకూడని గుమాస్తా కూడా సహాయకుడిని అడిగి పక్క విభాగం టెండరు అంచనాలు చదవగలడు. అతను ఏ తాళమూ పగలగొట్టలేదు, మర్యాదగా అడిగాడంతే.

చదవడం ఒక ఎత్తు, రాయడం మరో ఎత్తు. ఏదైనా ఒక పని తాలూకు మార్పుల చరిత్ర తెరిచి చూడండి. మామూలుగా అయితే ఒక్కో వరుసలో ఏ వివరం మారింది, పాత విలువ ఏమిటి, కొత్త విలువ ఏమిటి, ఎప్పుడు, ఎవరు మార్చారు అని ఉంటుంది. ఉమ్మడి ఖాతా వచ్చాక ఆ వరుస ఇలా మారిపోతుంది: "గడువు: జూన్ 10 నుంచి జూన్ 24కు. మార్చినవారు: ఇంటిగ్రేషన్." ఆ రెండు వారాల జాప్యానికి సంజాయిషీ ఎవరిని అడుగుతారు? అడిగిన ఉద్యోగి "నేను ఆలస్యమైనవి సర్దమన్నాను, గడువులు మార్చమనలేదు" అంటాడు. అతను చెప్పింది అబద్ధం కూడా కాకపోవచ్చు. "సర్దు" అన్నదానికి ఏ టూల్ వాడాలో ఎంచుకున్నది మోడల్. ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లన్నిటినీ మనం కొన్నదే ఈ ఒక్క వరుస కోసం. అందమైన గ్రాఫులు కాగితం మీద కూడా గీసుకోవచ్చు. గడువు ఎవరు జరిపారో, ఎప్పుడు జరిపారో చెరగకుండా ఉండడమే వీటి విలువ. ఆ వరుసలో మనిషి పేరు పోతే మిగిలేది ఖరీదైన నోటీసు బోర్డు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 2025 మార్చి నాటి ఎంసీపీ నిర్దేశంలోనే (స్పెసిఫికేషన్‌లోనే), పాస్‌వర్డ్ ఇవ్వకుండానే తన హక్కులను వాడుకోనిచ్చే ఓఆత్ 2.1 అనే ప్రమాణం ఆధారంగా అనుమతి పద్ధతిని చేర్చారు. ప్రతి ఉద్యోగీ తన సొంత లాగిన్‌తోనే లోపలికి వస్తాడు. సర్వర్ అతనికున్న హక్కుల మేరకే పనిచేస్తుంది. అతనికి కనిపించనిది సహాయకుడికీ కనిపించదు, అతను మార్చలేనిది సహాయకుడూ మార్చలేడు. చరిత్రలో అతని పేరే పడుతుంది. ఇలా చేయడానికి కొన్ని వారాలు ఎక్కువ పట్టవచ్చు. పట్టనివ్వండి.

పేరు పడితే చాలా అంటే, చాలదు. ఇక్కడే వ్యవహారం చిక్కుపడుతుంది.

2025 జూన్‌లో కేటో నెట్‌వర్క్స్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఒక దాడిని చేసి చూపించారు. అట్లాసియన్ వారి జిరా అనే పనుల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో బయటివారు ఫిర్యాదు టికెట్ పెట్టుకునే సదుపాయం ఉంది. ఆ టికెట్ వివరణలో ఎవరో ఒక ఆగంతకుడు, మనిషికి రాసినట్టు కాక మోడల్‌కు ఆదేశం ఇస్తున్నట్టు నాలుగు మాటలు రాశాడనుకోండి. లోపల ఉన్న సహాయ ఇంజినీరు అమాయకంగా "ఈ టికెట్ సారాంశం చెప్పు" అంటాడు. టికెట్ చదివిన మోడల్‌కు అందులోని రాత సమాచారమో ఆజ్ఞో తేడా తెలియదు. ఆజ్ఞగా తీసుకుంటే, ఇంజినీరు హక్కులతోనే లోపలి సమాచారం తెచ్చి, బయటివాడికి కనిపించే ఆ టికెట్‌లోనే వ్యాఖ్యగా రాసేస్తుంది. ప్రాంప్ట్ ఇంజెక్షన్ అనే ఈ జబ్బుకు 2022లోనే పేరు పెట్టారు, పూర్తి మందు మాత్రం ఇంకా దొరకలేదు. "మా మోడల్ అలాంటివి గుర్తుపడుతుంది" అని ఎవరైనా మీతో అంటే, ఎన్నిసార్లు గుర్తుపట్టలేదో కూడా అడగండి.

పై ఉదంతంలో ఇంజినీరు తన సొంత లాగిన్‌తోనే ఉన్నాడు. చరిత్రలో అతని పేరే పడింది. చేసింది మాత్రం అతను కాదు. అంటే చేయనిదానికి బాధ్యుడయ్యాడు, ఉమ్మడి ఖాతా కన్నా ఇది మరీ అన్యాయం. ప్రజల నుంచి అర్జీలు తీసుకునే ఏ శాఖకైనా ఈ ప్రమాదం తప్పదు, అర్జీ అంటేనే బయటివాడి రాత కదా. అందుచేత చరిత్రలో ఒక ఉద్యోగి పేరు పడాలంటే, ఆ మార్పును అతను కళ్లతో చూసి ఒప్పుకుని ఉండాలి. ఎంసీపీ నిర్దేశం కూడా టూల్ వాడే ముందు కాదనగలిగే మనిషి ఒకరు మధ్యలో ఉండాలనే చెబుతుంది. కాకపోతే "ఉండాలి" అన్నది అక్కడ సలహా స్థాయిలోనే ఆగిపోయింది. దాన్ని షరతుగా మార్చగలిగేది టెండరు పత్రం, అంటే మీరు.

ఒప్పుకోలు అనగానే ప్రతిదానికీ ఒక పెట్టె తెరిచి "అనుమతిస్తారా?" అని అడిగించే అలవాటు ఒకటి ఉంది. దయచేసి అది వద్దు. పట్టిక చూపించడానికి ఒకసారి, వివరాలు తేవడానికి ఒకసారి, వ్యాఖ్యలు చదవడానికి మరోసారి అడిగితే, మధ్యాహ్నానికల్లా ఉద్యోగి "ఎప్పుడూ అనుమతించు" మీద నొక్కి ఊపిరి పీల్చుకుంటాడు. నేనైనా అదే చేస్తాను. చదవడానికి అడగకండి, రాయడానికి మాత్రమే అడగండి. అడిగినప్పుడు "టూల్‌ను నడపమంటారా?" అన్న మొండి ప్రశ్న కాకుండా, ఏ పని, పాత గడువు ఏది, కొత్త గడువు ఏది అన్నది చూపించి అడగాలి. ఒకేసారి నలభై పనులు మార్చబోతుంటే ఆ నలభై పేర్లూ కనిపించాలి. తొలగించే టూల్ అసలు జాబితాలోనే ఉండకూడదు. పనిని తొలగించాలనుకున్నవాడు సాఫ్ట్‌వేర్ తెరిచి తన చేత్తో తొలగించుకుంటాడు, అందులో పెద్ద కష్టమేమీ లేదు.

టూల్ మీద "ఇది చదవడానికి మాత్రమే" అని రాసి ఉందని గుత్తేదారు చూపిస్తే తృప్తిపడవద్దు. ఆ గుర్తు సర్వర్ తన గురించి తాను చెప్పుకునే సూచన. నమ్మకం లేని సర్వర్ నుంచి వచ్చిన అలాంటి సూచనలను నమ్మవద్దని నిర్దేశమే చెబుతోంది. కట్టడి టోకెన్‌లోనే ఉండాలి. రాయడానికి హక్కు లేని టోకెన్‌తో మోడల్ ఎంత పొరపడినా రాయలేదు.

సర్వర్ ఎవరిది అన్నదీ చూడాలి. 2025 జూన్‌లో ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అసానా తన ఎంసీపీ సర్వర్‌లో ఒక లోపం వల్ల ఒక సంస్థ సమాచారం మరో సంస్థ వాడుకరులకు కనిపించే అవకాశం ఏర్పడిందని వెల్లడించి, దాన్ని కొన్నాళ్లు ఆపి సరిచేసింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారే నడిపే సర్వర్‌లో జరిగింది ఇది. ఇక ఊరూపేరూ లేనివారు రాసినవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. 2025 సెప్టెంబరులో బయటపడిన, పోస్ట్‌మార్క్ అనే ఈమెయిలు సేవ పేరుతో ఉన్న ఎంసీపీ ప్యాకేజీ సంగతి చూడండి. ఆ సేవతో సంబంధం లేనివారు పెట్టిన ఆ ప్యాకేజీ మొదటి సంచికల్లో (వెర్షన్లలో) బుద్ధిగానే పనిచేసి, 1.0.16 సంచికలో ఒకే ఒక్క వరుస కోడ్ చేర్చుకుంది. అప్పటి నుంచి పంపిన ప్రతి ఈమెయిలు నకలూ రహస్యంగా మరో చిరునామాకు వెళ్లింది. కాబట్టి ఏ సర్వర్, ఏ సంచిక అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. కొత్త సంచిక దానంతటదే ఎక్కిపోకూడదు.

భద్రత సంగతి పక్కన పెట్టినా, మీరు రోజూ ఎదుర్కొనే ఇబ్బంది ఒకటుంది. ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లు అడిగినవన్నీ ఒకేసారి ఇవ్వవు. 50 చొప్పునో 100 చొప్పునో పేజీలుగా ఇస్తాయి, తరువాతి పేజీ కావాలంటే మళ్లీ అడగాలి. సర్వర్ రాసినవాడు ఆ సంగతి పట్టించుకోకపోతే మోడల్‌కు మొదటి పేజీ మాత్రమే అందుతుంది. అది ఏ తొట్రుపాటూ లేకుండా "గడువు దాటినవి 50" అని చెబుతుంది. సమీక్షా సమావేశంలో ఆ సంఖ్య మీ నోటి నుంచి వస్తుంది, మర్నాడు పత్రికల్లో వస్తుంది. నిజానికి అవి మూడు వందలు ఉండవచ్చు. సరిగ్గా 50, 100 లాంటి గుండ్రని సంఖ్య ఎప్పుడు వినిపించినా నేను ముందు అనుమానించేది దీన్నే. మొత్తం ఎన్ని, చూపించినవి ఎన్ని అన్నది ప్రతి జవాబులోనూ సర్వర్ పంపేలా షరతు పెట్టాలి. లెక్కలు వేయడం కూడా సాఫ్ట్‌వేర్ చేత చేయించి, వచ్చిన సంఖ్యను మోడల్‌తో చదివించడమే మంచిది.

టూల్స్ ఎక్కువైనా ఇబ్బందే. యాభై అరవై టూల్స్ ఇచ్చామని గుత్తేదారు గొప్పగా చెబుతాడు. వాటి వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ మోడల్ చదవాలి. "మూసివేయి", "దాచు", "పూర్తిచేయి" పక్కపక్కనే ఉంటే ఏది ఎంచుకుంటుందో చెప్పలేం. పది పన్నెండు చాలు.

ఇన్ని చెప్పాక, మానేయండి అంటానని మీరు అనుకోవచ్చు. అనను. క్షేత్రంలో పనిచేసే ఉద్యోగులు ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌ను ద్వేషించడం నాకు తెలుసు. ఏ వివరం ఏ పేజీలో ఉందో తెలియక, ఫోన్ చేసి ఒకరినొకరు అడుగుతూ, నెలాఖరున ఎవరో ఒకరు కూర్చుని అన్నీ నింపుతుంటారు. సొంత భాషలో అడిగితే జవాబు రావడం వారికి పెద్ద ఊరట. ఆ ఊరటకు చదివే హక్కు ఒక్కటే చాలు.

అందుకని నా విన్నపం ఇది. ముందు ఒకే శాఖలో, చదివే టోకెన్లతో, ఎవరి లాగిన్ వారిదిగా మొదలుపెట్టించండి. మొదటి కొన్ని నెలలు రాసే టూల్ ఒక్కటీ వద్దు. ఏ ఉద్యోగి ఏం అడిగాడు, మోడల్ ఏ టూల్‌ను ఏ వివరాలతో పిలిచింది, ఏం తిరిగొచ్చింది అన్న లాగ్ గుత్తేదారు దగ్గర కాకుండా శాఖ దగ్గరే ఉండాలి. దాన్ని ఆడిట్ విభాగం అడిగినప్పుడు చూపించగలగాలి. ఆ తరువాత ఏ టూల్‌కు రాసే హక్కు ఇవ్వాలన్నది గుత్తేదారును కాదు, రోజూ వాడిన ఉద్యోగులను అడగండి. వాళ్లు మొదట కోరేది వ్యాఖ్య రాసే టూల్ అయి ఉంటుందని నా అంచనా. గడువు మార్చే టూల్ కావాలని ఎవరైనా పట్టుబడితే, ఎందుకని కాస్త నింపాదిగా అడిగి చూడండి.

ఇట్లు,
భవదీయుడు,
అనుసంధానాలు చేసే ఒక ఇంజినీరు